వడియాలు పెట్టిన విదేశీయురాలు

మా చింతలరేవు ఎందుకు వెనకబడిపోయిందో మొట్టమొదట కనిపెట్టినవారు వైకుంఠరావు గారు. ఆయన మా మునిసిపాలిటీకి ప్రత్యేకాధికారిగా వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఊళ్ళో సముద్రం ఉంది, లైట్‌హౌసు ఉంది, సాయంత్రమైతే ఇసుకలో కాల్చిన మొక్కజొన్నపొత్తులు ఉన్నాయి. అయినా అంతర్జాతీయ పర్యాటకులు రావడం లేదు. కారణం, మా ఊరికి వీసా లేదు.

ఈ సంగతి మా ఆయన చలపతి గారు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే చెప్పారు. ఆయన అదే మునిసిపల్ ఆఫీసులో సూపరింటెండెంటు.

"వీసా దేశాలకుంటుంది గానీ ఊళ్ళకుంటుందా?" అన్నాను గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తూ.

"నేనూ అదే అడిగాను. నా వంక జాలిగా చూశారు. పైనుంచి సర్క్యులర్ వచ్చింది రత్నం. సందర్శకుల వీసా నిబంధనలు సరళీకరించి, పర్యాటకాన్నీ ఉద్యోగాల్నీ పెంచిన ఊళ్ళకి 'ఆదర్శ ఆతిథ్య పట్టణం' అని బిరుదు ఇస్తారట."

"మనకి నిబంధనలే లేవుగా."

"అందుకే పెడుతున్నాం. ముందు బాగా కఠినంగా పెడతాం. తర్వాత సరళీకరిస్తాం."

నాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. పండగ ముందు ఇల్లు సర్దేటప్పుడు నేనూ అంతే. సామానంతా తెచ్చి నడవలో పడేస్తాను. పడేస్తే గానీ సర్దినట్టు కనబడదు.

ఆ ఆదివారం టౌన్‌హాల్లో సభ పెట్టారు. కుర్చీలు నిండాలి కాబట్టి ఉద్యోగుల భార్యలందరం వెళ్ళాం. వైకుంఠరావు గారు మైకు సర్దుకున్నారు.

"సోదర సోదరీమణులారా! అతిథి అనగా ఎవరు? ఇంతవరకు ఈ పట్టణంలో అతిథికి నిర్వచనమే లేదు. నిర్వచనం లేని అతిథి పరిపాలనకు అందడు. పరిపాలనకు అందని అతిథి వచ్చిననూ రానట్టే. కావున నేటి నుంచి పురపాలక సంఘ పరిధికి అవతల ఉన్న యావత్ప్రపంచమూ విదేశముగా పరిగణింపబడును. సరిహద్దు దాటి లోనికి వచ్చు ప్రతి వ్యక్తియూ అంతర్జాతీయ సందర్శకుడే!"

చప్పట్లు మోగాయి. వెనక వరసలోంచి మా పాలాయన లేచాడు. ఆయనది కాలవకి అవతలి గట్టు.

"అయ్యా, రోజూ పొద్దున్నే పాలు తెస్తానండి. మరి నేనెవర్నండి?"

"మీరు విదేశీ వాణిజ్యం," అన్నారు వైకుంఠరావు గారు క్షణం కూడా తడుముకోకుండా. పాలాయన మీసం దువ్వుకుని కూర్చున్నాడు. మర్నాటి నుంచి పాలు పలచబడ్డాయి.

బస్టాండులో మూతబడ్డ పార్సెల్ ఆఫీసుకి సున్నం కొట్టి వీసా కార్యాలయం చేశారు. ఉద్యోగాలు కూడా నిజంగానే వచ్చాయి. మా వీధిలో నీటి పన్ను వసూలు చేసే ఉమాపతికి టోపీ, ఈల ఇచ్చి ఇమిగ్రేషన్ ఇన్‌స్పెక్టర్‌ని చేశారు. అతని భార్య సునంద మా ఇంటికొచ్చి పసుపు కుంకుమ ఇచ్చి మరీ చెప్పింది. "ఈల ఇంట్లో కూడా ఊదుతున్నారు పిన్నిగారూ. కంచం పెట్టడం ఆలస్యమైతే ఊదుతున్నారు."

సరిగ్గా ఆ వారమే మా భ్రమరాంబ వదిన వచ్చింది.

వదిన మా ఆయనకి అక్కగారు. కాలవ అవతల, బస్సులో గంట ప్రయాణం దూరంలో కొడుకు దగ్గర ఉంటుంది. ఏటా ఎండాకాలం ఇరవై రోజులు మా ఇంటికి వస్తుంది. కొడుకూ కోడలూ బాగానే చూసుకుంటారు. అయినా ఆవిడ మాట ఆవిడది. "అక్కడ నేను పెద్దావిడనే. ఇక్కడికొస్తేనే భ్రమరాన్ని. ఆ ఇరవై రోజులూ లేకపోతే మిగతా ఏడాది నడవదు నాకు."

నేను బస్టాండుకి వెళ్ళేసరికి వదిన కిటికీ ముందు చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది. లోపల ఉమాపతి.

"ఏ పని మీద వచ్చారు?"

"పనేమిట్రా? తమ్ముడింటికి."

"అది చోటండి అత్తయ్యగారూ. నేను పని అడుగుతున్నాను. పర్యాటకం, వ్యాపారం, వైద్యం, వివాహం, అశుభం. వీటిలో ఏదో ఒకటి చెప్పండి."

"అశుభమేమిటి?"

"ఎవరన్నా పోతే వస్తారు కదండీ."

"ఎవరూ పోలేదు. ఊరికే వచ్చాను. ఊరికే అని రాసుకో."

"ఊరికే అన్న గడి లేదండి."

"ఒరేయ్ ఉమాపతీ, నీ బారసాల నాడు ఉయ్యాలకి పూలు కట్టింది నేనురా!"

"నాకు తెలుసండి. దానికీ గడి లేదు."

చివరికి పర్యాటకం అని ముద్ర కొట్టాడు. "ఎలాగూ టూరిస్టులు గనక లైట్‌హౌసు ఒకసారి చూడాలండి," అని వెనక పేజీలోని షరతు చదివి వినిపించాడు. "సందర్శకులు బసచేయు కాలమున ఎట్టి పనియూ చేయరాదు. స్థానికుల ఉపాధికి భంగము కలిగించరాదు."

"లైట్‌హౌసు నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను," అంది వదిన.

"అప్పుడు మీరు విదేశీయులు కారు కదండీ."

మా ఇళ్ళలో ఆడ చుట్టం వస్తే ఎలా ఉంటుందో ఆ షరతు రాసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆవిడ కాళ్ళు కడుక్కుని, నేరుగా వంటింట్లోకే వస్తుంది. కొంగు బొడ్లో దోపుకుని, "ఏం తరగమంటావు?" అనడమే మొదటి పలకరింపు. వద్దంటే కోపం. పరాయిదాన్ని చేశావని రెండు రోజులు మాట్లాడదు. మా వదిన కాఫీ తాగకముందే కత్తిపీట ముందు కూర్చుంది. మూడోనాటికి బూడిదగుమ్మడికాయ కొట్టించి, మినప్పిండి రుబ్బి, డాబా మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టడం మొదలుపెట్టింది.

ఈల వినబడింది. ఉమాపతి మెట్లెక్కి వచ్చాడు.

"ఏం చేస్తున్నారండి అత్తయ్యగారూ?"

"కనబడ్డం లేదూ? కాలు తియ్, పంచె తొక్కుతున్నావు."

"పర్యాటక వీసా మీద ఉండి పని చేస్తున్నారు. నేను ఇవి జప్తు చేయాలండి."

"పచ్చివి జప్తు చేస్తే బూజు పడతాయిరా. ఎండాక పట్టుకుపో."

ఉమాపతి ఆలోచించాడు. చట్టం రెండెండలు ఆగగలదనిపించినట్టుంది. "సరేనండి. రాత్రి మంచు పడకుండా లోపల పెట్టించండి, సాక్ష్యం పాడవకూడదు," అని దిగి వెళ్ళాడు. రెండు రోజులాగి డబ్బా తెచ్చుకుని, గలగలలాడే వడియాలన్నీ పట్టుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "నూనె బాగా కాగాక వేయాలాండి, మామూలుగా చాలా?" అని అడిగాడు.

మర్నాడు నోటీసు వచ్చింది. ఆరోపణ రుజువైతే వదిన చింతలరేవులో అడుగు పెట్టడానికి ఐదేళ్ళు వీల్లేదు.

వదిన ఆ కాగితం రెండుసార్లు చదివింది. "ఐదేళ్ళా రత్నం? నాకిప్పుడు అరవై ఎనిమిది. ఐదేళ్ళ తర్వాత రానిచ్చినా నన్నెవరో ఒకరు మోసుకురావాలి," అని నవ్వింది. ఆ పూట మజ్జిగన్నం కూడా సగం వదిలేసింది.

నేను మా ఆయన్ని నిలదీశాను. "ఆ ఫైలు మీ బల్ల మీదికే వస్తుందిగా. మీ అక్కగారిని ఊళ్ళోంచి వెళ్ళగొట్టే కాగితం మీద సంతకం పెడతారా?"

"పెట్టక తప్పదు. కానీ 'ఆమోదించడమైనది' అని రాయను. 'పరిశీలనార్థం సమర్పించడమైనది' అని మాత్రమే రాస్తాను," అన్నారాయన. అక్కగారి మీద ఆయనకున్న ప్రేమని ఆఫీసు భాషలో అంతకంటే గట్టిగా చెప్పే వీల్లేదట.

విచారణ వైకుంఠరావు గారి గదిలో జరిగింది.

"ముద్దాయి స్థానిక ఉపాధిని హరించినట్లు ప్రాథమికంగా నిర్ధారణ అవుతున్నది," అన్నారాయన.

"ఎవరి ఉపాధిని బాబూ?" అంది వదిన.

"ఇంకెవరిది? వంటింట్లో పని ఎవరిదో వారిది. శ్రీమతి రత్నం గారిది."

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. "నాది ఉద్యోగమాండీ?"

"నిస్సందేహంగా! గృహాతిథ్య రంగం. ఈ పట్టణంలో అత్యధికులు ఉపాధి పొందుతున్న రంగం. మా నివేదికలో చేర్చాం కూడా."

పెళ్ళయి ఇరవయ్యారేళ్ళయింది. నేను చేస్తున్నది ఉద్యోగమని ఎవరైనా అనడం అదే మొదటిసారి. గొంతు సవరించుకుని, "మరి సెలవులుంటాయాండీ?" అని అడిగాను.

"ఆ అంశం ఈ నిబంధనావళి పరిధిలోకి రాదు," అన్నారాయన. తర్వాత వదిన తెల్లజుట్టు చూసి కాస్త మెత్తబడ్డారు. "మానవతా దృక్పథంతో ఒక అవకాశం ఇస్తున్నాను. పది రోజులు పరిశీలనలో ఉంచుతాం. ఆమె నికార్సైన పర్యాటకురాలని రుజువైతే కేసు కొట్టేస్తాం. పర్యాటకులనగా చూచుట, తినుట, విశ్రమించుట. అంతే."

మొదటి రెండు రోజులూ నరకం. వదినని హాల్లో పడక్కుర్చీలో కూర్చోబెట్టాం. ఆవిడ చేతులు ఊరుకోవు. పేపరు చదువుతున్నట్టు అడ్డం పెట్టుకుని వెనకాల చింతపండు గింజలు తీసింది. తలుపు చప్పుడైతే చింతపండు దిండు కిందికి, చేతులు ఒళ్ళోకి. నాకేమో ఇద్దరి పనీ ఒక్కదాని మీదే పడింది.

మూడో రోజు ఉమాపతి తనిఖీకి వచ్చాడు. హాల్లో టీవీ ముందు మా ఆయన కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. పక్కన ఖాళీ కాఫీగ్లాసు, పకోడీల పళ్ళెం. ఉమాపతి చాలాసేపు నిలబడి చూశాడు.

"చూస్తున్నారు, తింటున్నారు, విశ్రమిస్తున్నారు," అని గొణుక్కుని, "తమరి వీసా ఓసారి చూపిస్తారా సార్?" అన్నాడు.

"నేను చలపతినయ్యా! సూపరింటెండెంట్ని!"

"అయ్యో, క్షమించండి సార్. ఇంత పద్ధతిగా ఉన్న టూరిస్టు ఊళ్ళో ఇంకెవరూ కనబళ్ళేదండి, అందుకని పొరబడ్డాను."

అతను వెళ్ళిపోయాక వదిన నా వైపు చూసింది. నేను వదిన వైపు చూశాను. అప్పుడు టౌన్‌హాల్లో విన్న మాట నాకు గుర్తొచ్చింది. సరిహద్దు దాటి లోనికి వచ్చు ప్రతి వ్యక్తియూ.

"ఓ పని చెయ్యరాదుటే రత్నం," అంది వదిన మెల్లగా. "కాలవ దాకా బస్సులో వెళ్ళి రారాదూ?"

మర్నాడు పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిసంచి పట్టుకుని, కాలవ అవతలి స్టాపులో దిగి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి తిరిగొచ్చాను. కిటికీ దగ్గర నిలబడ్డాను.

"పిన్నిగారూ, మీరెందుకండీ ఇక్కడ?"

"సరిహద్దు దాటి వచ్చానయ్యా. పర్యాటకం అని రాసుకో."

"ఏం చూడ్డానికండి?"

"మా ఇల్లు. ఇరవయ్యారేళ్ళుగా అందులోనే ఉంటున్నాను. కూర్చుని చూసింది మాత్రం లేదు."

ఉమాపతి రూల్సు పుస్తకం అటూ ఇటూ తిప్పాడు. కాదనడానికి ఏమీ దొరకలేదు. ముద్ర కొట్టాడు.

ఇంటికొచ్చి వదిన పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పదకొండింటికి మా ఆయన ఆఫీసు నుంచి ఫోను చేశారు, మధ్యాహ్నం కూరేమిటని.

"ఏమోనండీ, నేనీ ఊరికి కొత్త. స్థానికుల్ని కనుక్కోండి," అన్నాను.

సాయంత్రానికి ఈ వార్త పంపు దగ్గరికి చేరింది. మర్నాడు కాలవకి వెళ్ళే మొదటి బస్సులో మా వీధి ఆడవాళ్ళందరూ ఉన్నారు. ఆ తర్వాత చేపల బజారు వాళ్ళు, బ్యాంకు కాలనీ వాళ్ళు, టీచర్లు. డిపో వాళ్ళు కాలవ దాకా ప్రత్యేక బస్సులు వేశారు. బస్టాండులో వరస సినిమాహాలు దాటింది. తల్లీకూతుళ్ళు, అత్తాకోడళ్ళు, జన్మలో ఒకరితో ఒకరు మాట్లాడని తోడికోడళ్ళు కూడా ఒకే సీట్లో కూర్చుని వెళ్ళి, అంతర్జాతీయ సందర్శకులై తిరిగొచ్చారు. ఊళ్ళో జనం కొందరు లైట్‌హౌసుని మొదటిసారి దగ్గర్నుంచి చూశారు.

వైకుంఠరావు గారి ఆనందానికి హద్దు లేదు. రోజూ పైకి తంతి పంపినట్టు నివేదికలు పంపారు. పర్యాటకుల రాక ఎన్నడూ లేనంత పెరిగిందన్నారు. అది నిజం. స్థానిక ఉపాధి ఇంటింటా కొత్తగా కల్పించబడిందన్నారు. అదీ నిజమే. ఎందుకంటే ప్రతి ఇంట్లోనూ గృహాతిథ్య రంగంలో ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలో ఆ ఇంటి మగవాళ్ళు చేరారు.

మా ఆయన లుంగీ పైకి కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డారు.

"రత్నం, ఇంగువెక్కడ?"

"చెప్పకూడదండీ. చెబితే వీసా పోతుంది."

"చెప్పడం కూడా పనేనా?"

"వంటింటికి సంబంధించిన సలహా వృత్తి సేవ కిందికి వస్తుందని మీ సర్క్యులరే కదండీ," అన్నాను వదిన తరఫున కూడా నేనే. ఆయన డబ్బాలన్నీ వాసన చూసుకుంటూ వెళ్ళారు. మూడోరోజుకి చారు చారులాగే ఉంది. ఆ మాట వదిన ఆయనతో అంటే, మనిషి కళ్ళు చెమర్చాయి. పొగ వల్ల అన్నారు.

ఉమాపతి పరిస్థితి ఇంకా ఘోరం. సునంద వీసా మీద ముద్ర కొట్టింది అతనే. ఇప్పుడు ఇంట్లో కంచం ఆలస్యమైతే ఈల ఊదేదీ అతనే, ఆ కంచం పెట్టేదీ అతనే.

ఇలా ఉండగా పైనుంచి పరిశీలక బృందం వస్తున్నట్టు కబురొచ్చింది. బిరుదు ఇవ్వాలో వద్దో తేల్చేది వాళ్ళే. ఆ ముందు రోజు మధ్యాహ్నం వైకుంఠరావు గారు స్వయంగా మా ఇంటికొచ్చారు. వెనక ఫైళ్ళతో ఉమాపతి. వదినా నేనూ కుర్చీల్లో కూర్చుని ఉన్నాం. పర్యాటకులం కాబట్టి లేవలేదు.

"అమ్మా," అన్నారాయన వదినతో. గొంతులో మైకు లేదు. "రేపు బృందానికి మా క్వార్టర్స్‌లో భోజనం. మా ఆవిడ హైమవతి నిన్న మధ్యాహ్నం బస్సులో... తాను కూడా..."

"వెళ్ళొచ్చిందా? చాలా మంచి పని చేసింది," అంది వదిన.

"ఊళ్ళో వంట తెలిసిన స్త్రీలు ఒక్కరు కూడా స్థానికులు కారు. హోటళ్ళలో రుబ్బేవాళ్ళు సైతం వీసాల మీద ఉన్నారు. మీ చేతి వంట గురించి విన్నాను. సాక్ష్యం రుచి చూశాను. ఒక్క పూటకి ప్రత్యేక పని అనుమతి మంజూరు చేస్తాను."

"అమ్మో, వద్దు బాబూ. నేను వంట చేస్తే స్థానిక ఉపాధి దెబ్బతినదూ? అసలే ముద్దాయిని."

"ఆ కేసు కొట్టేస్తాను."

"నా ఒక్కదాని కేసు కొట్టేస్తే వచ్చే ఏడు మళ్ళీ ఈ ఉమాపతి కిటికీలోంచి అడగడూ, ఏం పని మీద వచ్చావని? నాకే పనీ ఉండదు బాబూ. ఏటా ఉండదు. ఈ వీసా అన్నదే తీసెయ్యండి."

వైకుంఠరావు గారు అదిరిపడ్డారు. "తీసేస్తే ఇక సరళీకరించడానికి ఏం మిగులుతుంది? బృందానికి ఏం చూపించను?"

వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగింది. మా ఆయన గుమ్మంలోకి వచ్చారు. ముఖాన పసుపు, భుజాన మసిగుడ్డ. పొయ్యి దగ్గర నిలబడి ఆ వారం రోజుల్లో ఆయనకి ఏం జరిగిందో గానీ, పై అధికారి ముందు ఆయన అలా తలెత్తి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

"అయ్యా, కొద్దిగా సరళీకరించిన ఊళ్ళు వేరే ఉండొచ్చు. మొత్తం సరళీకరించింది మనమొక్కరమే అవుతాం. సున్నా షరతులు, సున్నా గడులు. ఇంతకన్నా సరళం ఇంకెక్కడా సాధ్యం కాదు."

వైకుంఠరావు గారు కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. "సంపూర్ణ... సరళీకరణ," అన్నారు, ప్రసాదం నోట్లో వేసుకున్నట్టు. "చలపతీ, డ్రాఫ్టు రాయండి."

"ఈసారి 'ఆమోదించడమైనది' అని రాయరా తమ్ముడూ," అంది వదిన.

మా ఆయన రాశారు. వైకుంఠరావు గారు మా భోజనాల బల్ల మీద పెట్టి సంతకం చేశారు. వదిన కాగితం చేతికి తీసుకుని చివరిదాకా చదివి, కొంగు బొడ్లో దోపింది. పది రోజులుగా బంధించిన చేతులు కదా, లేస్తూ లేస్తూనే మొదలుపెట్టింది. "రత్నం, పప్పు నానబెట్టు. ఉమాపతీ, ఆ జప్తు చేసిన వడియాల డబ్బా పట్రా, రేపు పులుసులోకి కావాలి."

ఉమాపతి వైకుంఠరావు గారి వైపు చూశాడు. వైకుంఠరావు గారు గోడ మీద క్యాలెండరు వైపు చూశారు.

"డబ్బా ఉందండి," అన్నాడు ఉమాపతి.

బృందం వచ్చింది, తింది, విశ్రమించింది. నెల తిరక్కుండా మా ఊరికి 'ఆదర్శ ఆతిథ్య పట్టణం' బిరుదు వచ్చింది. ఉన్న వీసాని ఇంత ధైర్యంగా ఎత్తేసిన పట్టణం మరొకటి లేదని ప్రశంసాపత్రంలో రాశారు. పెట్టిందెవరో రాయలేదు. ఉద్యోగాలు తీసేస్తే లెక్క తగ్గుతుంది కాబట్టి ఉమాపతిని అలాగే ఉంచారు. ఇప్పుడతని పని బస్టాండులో కూర్చుని, దిగిన ప్రతివాళ్ళనీ ఎందుకొచ్చారని అడక్కుండా ఉండటం. చాలా కష్టమైన ఉద్యోగమని సునందతో వాపోతున్నాడట.

బృందం వెళ్ళిన మర్నాడు పొద్దున వదినా నేనూ హాల్లో అవే కుర్చీల్లో కూర్చున్నాం. రద్దు ఉత్తర్వు అప్పటికే అమల్లోకి వచ్చింది. మేం పర్యాటకులం కాము. లేవాలి. ఎవరమూ లేవలేదు. ముందు నువ్వు లే అన్నట్టు ఒకరినొకరం చూసుకున్నాం గానీ, కుర్చీ మెత్తగా ఉంది, కిటికీలోంచి సముద్రపు గాలి వస్తోంది.

మా ఆయన లేచి, అలవాటుకొద్దీ వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టారు. అగ్గిపుల్ల గీశాక గుర్తొచ్చినట్టుంది, వీసాలు లేవని. గుమ్మంలోకి వచ్చి మా ఇద్దరి వంకా చూశారు.

"ఏం పని మీద కూర్చున్నారు ఇద్దరూ?" అన్నారు.

"ఊరికే," అన్నాం.

ఆయన కాసేపు నిలబడ్డారు. లోపల పాలు పొంగుతున్న చప్పుడు వినబడి, పరుగెత్తుకెళ్ళారు.